గర్భాశయంలో హెచ్‌పీవీ ఉంటే రొమ్ముకు ముప్పా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 43 ఏళ్లు. గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన నమూనాలో హెచ్‌పీవీ 16, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్‌లో 16వ రకం, పాజిటివ్ అని రిపోర్టు వచ్చింది. మీ అమ్మగారికి 47వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగానే ఉన్నారు. రిపోర్టు చేతికొచ్చిన రాత్రి ఫోన్లో వెతికితే రొమ్ము గడ్డల్లో హెచ్‌పీవీ దొరికిందని కనబడింది. అప్పట్నుంచి నిద్ర లేదన్నారు. అమ్మ పాల నుంచి నాకొచ్చిందా, నా పాల నుంచి పాపకు వెళ్లిందా, ఈ వైరస్ పైకి పాకి రొమ్ముకు చేరుతుందా, 13 ఏళ్ల పాపకు హెచ్‌పీవీ టీకా వేయిస్తే రెండు క్యాన్సర్లకూ అడ్డమేనా అని అడిగారు.

నేను పాథాలజిస్టును. అంటే మనిషిని కాదు, మనిషి నుంచి కోసిన ముక్కను చూసే డాక్టరును. 28 ఏళ్లుగా నా బల్ల మీదికి వచ్చేవాటిలో రొమ్ము గడ్డలూ గర్భాశయ ముఖం బయాప్సీలే ఎక్కువ. అందుకే జవాబు రాయాలనిపించింది. వైద్యం విషయంలో చివర నేను చెప్పేది మాత్రం మీ గైనకాలజిస్టు మాట తర్వాతే.

సూటిగా చెప్తాను. హెచ్‌పీవీ వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఇవాళ్టికి రుజువు కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒకటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉంది. ఏది ఏ అవయవానికి క్యాన్సర్ తెస్తుందో తేల్చి జాబితా వేయడం వాళ్ల పని. హెచ్‌పీవీ 16కి ఎదురుగా గర్భాశయ ముఖద్వారం, యోని, పురుషాంగం, మలద్వారం, గొంతు వెనక భాగం, టాన్సిళ్లు ఉన్నాయి. రొమ్ము లేదు. అలాగని మీరు చదివింది అబద్ధమూ కాదు. రొమ్ము గడ్డల్లో ఈ వైరస్ డీఎన్‌ఏ దొరికిందని రాసిన పత్రాలు పదుల కొద్దీ ఉన్నాయి. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలిస్తే మీ భయం సగం తీరుతుంది.

1992లో ఇటలీ పరిశోధకులు కొన్ని రొమ్ము గడ్డల్లో హెచ్‌పీవీ 16 డీఎన్‌ఏ ఉందని రాశారు. అక్కణ్నుంచి దేశదేశాల వాళ్లూ వెతకడం మొదలుపెట్టారు. వచ్చిన లెక్కలు చూస్తే తల తిరుగుతుంది. కొందరికి సున్నా, కొందరికి 20 శాతం, కొందరికి 80 శాతం పైన. మన దేశంలోనే చూడండి. 2011లో ఒక బృందం భారతీయ స్త్రీల రొమ్ము గడ్డల్లో ఒక్కదాంట్లోనూ హెచ్‌పీవీ లేదని ప్రచురించింది. 2017లో కోల్‌కతా బృందం 60 శాతానికి పైగా గడ్డల్లో ఉందని ప్రచురించింది. జబ్బు ఒకటే, దేశం ఒకటే, వెతికిన వైరస్ ఒకటే. ఒకరికి ఏమీ లేదు, ఇంకొకరికి సగానికి మించి ఉంది. గర్భాశయ ముఖం క్యాన్సర్‌లో ఇలాంటి గందరగోళం లేదు. ఏ దేశంలో, ఏ ల్యాబులో సరిగా వెతికినా దాదాపు ప్రతి గడ్డలోనూ దొరుకుతుంది.

ఈ తేడా ఎక్కణ్నుంచి వస్తుందో ల్యాబులో కూర్చున్నవాడికి బాగా తెలుసు. ముక్కను ఫార్మలిన్లో నానబెట్టి, మైనంలో పోసి బ్లాకు చేస్తాం. మైక్రోటోమ్ మీద బిగించి బ్లేడుతో మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోస్తే రిబ్బనులాగా వస్తుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ల తొట్టిలో వదిలితే ముడతలు విప్పుకుని తేలుతుంది. పాల మీద మీగడ తీసినట్టు స్లైడుతో కింద నుంచి ఎత్తాలి. ఒకసారి నేనొక రొమ్ము బయాప్సీ చూస్తున్నాను. అంతా మామూలుగానే ఉంది, ఒక మూల మాత్రం చిన్న తునక, పొరలు పొరలుగా పొలుసు కణాలు. పాలనాళాల్లో అలాంటి కణాలు ఉండవు. టెక్నీషియన్‌ను పిలిచి అడిగితే, అంతకుముందు కోసింది గర్భాశయ ముఖం బ్లాకు, తొట్టిలో నీళ్లు తుడవలేదు అన్నాడు. తేలుతూ వచ్చి అంటుకుంటుంది కాబట్టి దీన్ని మేం ‘ఫ్లోటర్’ అంటాం. తునక కంటికి కనబడింది కాబట్టి ఆ రోజు పట్టుకున్నాను. డీఎన్‌ఏ కంటికి కనబడదు. బ్లేడుకు అంటినా, చేతి తొడుగుకు అంటినా, పీసీఆర్ యంత్రం దాన్ని కోట్ల కాపీలు చేసి ‘ఉంది’ అని చెబుతుంది. కరోనా రోజుల్లో ఆ యంత్రం ఎంత సున్నితమో అందరం చూశాం.

దొరికినవన్నీ ఇలా అంటుకున్నవే అని నేననను. జాగ్రత్తగా చేసిన పరిశోధనలూ ఉన్నాయి. 2008లో జపాన్ వాళ్లు 124 రొమ్ము గడ్డలు పరీక్షిస్తే 26 గడ్డల్లో హెచ్‌పీవీ కనబడింది. వాళ్లు అక్కడితో ఆగకుండా ఎంత ఉందో కూడా లెక్కపెట్టారు, అది నాకు నచ్చిన పని. వచ్చిన సగటు 10,000 కణాలకు ఐదారు వైరస్ కాపీలు. అంటే గడ్డలోని కణాల్లో నూటికి తొంభైతొమ్మిదికి పైగా వైరస్ లేదు. వైరసే క్యాన్సర్‌ను నడిపిస్తుంటే ఇలా ఉండదు. క్యాన్సర్ గడ్డ అంటే ఒక చెడిన కణం పిల్లలు పెట్టగా పెరిగిన సంతతి. ఆ మొదటి కణంలో వైరస్ ఉండి, దాని బలంతోనే గడ్డ పెరుగుతుంటే పిల్ల కణాలన్నిట్లోనూ ఉండాలి.

గర్భాశయ ముఖం క్యాన్సర్‌లో సరిగ్గా అలాగే ఉంటుంది. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె గర్భాశయ ముఖం గడ్డ నుంచి తీసిన కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. వాటిలో హెచ్‌పీవీ 18 డీఎన్‌ఏ కణం సొంత డీఎన్‌ఏలోకి దూరి కూర్చుని ఉంది. వైరస్‌కు చెందిన ఇ6, ఇ7 అనే రెండు ప్రొటీన్లు కణంలోని ఇద్దరు కాపలాదార్లను పనిచేయనివ్వవు. ఇ6 దెబ్బకు పీ53 నాశనమవుతుంది, ఇ7 పట్టుకుంటే ఆర్‌బీ కదల్లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రెండు వైరస్ జన్యువుల నోరు నొక్కితే ఆ కణాల పెరుగుదల ఆగిపోతుంది. కారణం అంటే ఇదమ్మా. తీసేస్తే జబ్బు నిలబడకూడదు. ఈ వైరస్‌కూ ఆ క్యాన్సర్‌కూ ఉన్న బంధాన్ని 1983, 84లో బయటపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. రొమ్ము విషయంలో అలాంటి ప్రయోగం ఒక్కటీ లేదు.

ఇంకో మెట్టు ఎక్కుదాం. డీఎన్‌ఏ ఉండటం వేరు, అది పనిచేస్తూ ఉండటం వేరు. ఇంట్లో ఫ్యాను ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, తిరుగుతోందా అన్నది ఇంకొకటి. వైరస్ జన్యువు పనిచేస్తుంటే ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. అమెరికాలో వేల గడ్డల జన్యు సమాచారం సేకరించిన క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ అనే పెద్ద పథకం ఉంది. 2013లో రెండు బృందాలు విడివిడిగా ఆ సమాచారంలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ కోసం జల్లెడ పట్టాయి. గర్భాశయ ముఖంలో కుప్పలు, తల, మెడ క్యాన్సర్లలో కొన్నింట్లో బాగానే, రొమ్ములో చెప్పుకోదగ్గంత లేదు. 2020లో 38 రకాల క్యాన్సర్లకు చెందిన 2,658 గడ్డల పూర్తి డీఎన్‌ఏ చదివినప్పుడూ హెచ్‌పీవీ తన పాత చిరునామాల్లోనే గట్టిగా కనిపించింది.

అన్ని పరిశోధనలనూ కలిపి లెక్కగట్టిన పత్రాల్లో, మామూలు రొమ్ము కంటే క్యాన్సర్ రొమ్ములో హెచ్‌పీవీ దొరికే అవకాశం మూడు నాలుగు రెట్లని ఒకరూ, ఆరు రెట్లని ఇంకొకరూ రాశారు. మిమ్మల్ని భయపెట్టింది బహుశా ఈ అంకెలే. దీనిమీద పాథాలజిస్టుగా నాకొక సందేహం ఉంది. మామూలు రొమ్ము ముక్కలో ఎక్కువ భాగం కొవ్వూ నారా, కణాలు పలుచగా ఉంటాయి. గడ్డలో కణాలు కిక్కిరిసి ఉంటాయి. ఒకే సైజు ముక్క నుంచి డీఎన్‌ఏ తీస్తే గడ్డలో ఎక్కువ వస్తుంది, కాబట్టి ఏం వెతికినా గడ్డలోనే ఎక్కువసార్లు దొరుకుతుంది. పోలిక సమానంగా లేకపోతే రెట్లు లెక్కపెట్టి లాభమేంటి?

హెచ్‌పీవీ రొమ్ము క్యాన్సర్ తెస్తుందన్న వాదన కోసం ఏళ్ల తరబడి పాటుపడిన మనిషి ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ లాసన్. ఆయన్ని తేలిగ్గా తీసేయడం న్యాయం కాదు. క్యాన్సర్ రావడానికి ఏళ్ల ముందు అదే స్త్రీ రొమ్ము నుంచి తీసిన మామూలు గడ్డ బయాప్సీల్లో కూడా అదే వైరస్ దొరికిందని ఆయన బృందం చూపించింది. తక్కువ కాపీలు ఉండటానికి ఆయన చెప్పే జవాబు, వైరస్ మొదట్లో దెబ్బకొట్టి పారిపోతుందని. ఆలోచించదగ్గ మాటే, కానీ చిక్కు చూడండి. దొంగ పారిపోయాడంటే ఇంట్లో దొంగ లేకపోవడమే దొంగతనానికి సాక్ష్యమవుతుంది. ఆయన ఇంకోటి కూడా చూపిస్తారు, కేంద్రకం చుట్టూ తెల్లని వలయంతో ఉండే కణాలు. వాటిని కాయిలోసైట్లు అంటాం, గర్భాశయ ముఖంలో అవి హెచ్‌పీవీ సంతకం. రొమ్ములో నేనూ అలాంటి వలయాలు చూశాను. ముక్కను ఆలస్యంగా ఫార్మలిన్లో వేసినా కణం కుంచించుకుపోయి అలాగే కనబడుతుంది. రొమ్ములో దాన్ని చూసి హెచ్‌పీవీ అని రిపోర్టు రాసే ధైర్యం నాకు లేదు.

ల్యాబు బయటికొస్తే నాకు అన్నిటికంటే బలంగా తోచేది ఒక పాత కథ. ఇటలీలో వెరోనా అని ఊరుంది. అక్కడి వైద్యుడు రిగోని స్టెర్న్ 1760 నుంచి 1839 దాకా ఉన్న మరణాల రిజిస్టర్లు ముందేసుకుని లెక్కలు వేసి 1842లో బయటపెట్టాడు. గర్భాశయ క్యాన్సర్ పెళ్లయిన ఆడవాళ్లలో ఎక్కువ, మఠాల్లోని కన్యాస్త్రీలలో అరుదు. రొమ్ము క్యాన్సర్ దీనికి తిరగబడి కన్యాస్త్రీలలోనే ఎక్కువ. అప్పటికి వైరస్ అనే మాటకు ఇప్పటి అర్థమే లేదు. మొదటిది కలయిక ద్వారా అంటే వైరస్ కథ అని ఇప్పుడు మనకు తెలుసు. రెండోది కాన్పుల కథ, హార్మోన్ల కథ. 2002లో ముప్పై దేశాల సమాచారం కలిపి చూస్తే ఒక్కో కాన్పుకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 7 శాతం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ ఇంకో 4.3 శాతం తగ్గుతుందని తేలింది. హెచ్‌పీవీ చేతుల ద్వారా కూడా అంటుకోవచ్చు కాబట్టి వెరోనా లెక్క ఒక్కటే కేసు కొట్టేయదు. దానికి ఇది తోడు చేసుకోండి: రోగనిరోధక శక్తి తగ్గిన వాళ్లలో, అంటే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లలో వైరస్‌ల వల్ల వచ్చే క్యాన్సర్లు దాదాపు అన్నీ పెరుగుతాయి. రెండు గుంపుల్నీ కలిపి చూసిన 2007 నాటి సమీక్షలో గర్భాశయ ముఖం క్యాన్సర్ పెరిగింది, రొమ్ము క్యాన్సర్ పెరగలేదు.

పాల సంగతి. హెచ్‌పీవీ రక్తంలో తిరిగే వైరస్ కాదు. చర్మంలోనో లోపలి పొరలోనో చిన్న గీత పడితే అక్కడ దిగి, అడుగు వరస కణాల్లో కాపురం పెడుతుంది. కింద ఉన్నది పైకి పాకి రొమ్ములోకి రావడానికి దారి ఎవరూ చూపించలేదు. కొన్ని పరిశోధనల్లో తల్లిపాలలో దీని డీఎన్‌ఏ జాడలు దొరికాయి గానీ, అలా బిడ్డకు చేరి రొమ్ము క్యాన్సర్ అయినట్టు ఆధారం లేదు. పాలలో క్యాన్సర్ వైరస్ అన్న అనుమానం అసలు ఎలకల నుంచి వచ్చింది. 1936లో జాన్ బిట్నర్ అనే అమెరికన్, తల్లి ఎలక పాల ద్వారా పిల్లలకు రొమ్ము క్యాన్సర్ సంక్రమిస్తుందని చూపించాడు. అది నిజమే, వైరస్సే, కానీ వేరే జాతి వైరస్. 1971లో బొంబాయి పార్శీ స్త్రీల పాలలో అలాంటి రేణువులు కనబడ్డాయని పెద్ద సంచలనమైంది, ఎందుకంటే ఆ సమాజంలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువ. పాలివ్వొద్దని చెప్పేదాకా వెళ్లేలా ఉన్న ఆ వాదన తర్వాత నిలబడలేదు. కాబట్టి మీ పాపకు మీరిచ్చిన పాల గురించి ఒక్క క్షణం కూడా బాధపడొద్దు. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ పాలివ్వడం మీ రొమ్ముకు మేలే చేసింది.

ఇంకో గొడవ పేరు వల్ల వస్తుంది. ఒకావిడ రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ మా ల్యాబుకే వచ్చేసింది. అందులో నేనే రాసిన మాట ‘ఇంట్రాడక్టల్ పాపిలోమా’. వాళ్లబ్బాయి అది పాపిలోమా వైరస్ అని చెప్పాడట, ఇంట్లో భర్తతో మాటలు బంద్. పాపిల్లా అంటే లాటిన్లో చనుమొన. మొన తేలిన పులిపిరిలాంటి పెరుగుదల ఏదైనా పాపిలోమాయే, ఎక్కడున్నా. పాలనాళంలో మొలిచే ఆ చిన్న కాయకు వైరస్‌తో పని లేదు. వైరస్‌కు పులిపిర్ల వల్ల ఆ పేరొచ్చింది. పేరు ఒకటైనంత మాత్రాన ఇంటిపేరు ఒకటి కాదు అని చెప్పి పంపాను.

ఆ మాట మీద మీకూ ఒక మాట. మీరు అడగలేదు గానీ మీ ప్రశ్నలో వాసన తగిలింది. ఈ వైరస్ ఎప్పుడో ఇరవై ఏళ్ల నాడు వచ్చి, పడుకుని, ఇప్పుడు లేచి ఉండొచ్చు. పాజిటివ్ రిపోర్టు ఎవరి నడవడికకూ సాక్ష్యం కాదు. మీ ఆయన్ని నిలదీయకండి.

ఇక చేయాల్సినవి. హెచ్‌పీవీ 16 అంటే మిగతా రకాల్లాగా ఏడాది ఆగి చూద్దాం అనే రకం కాదు. నేరుగా కాల్పోస్కోపీకి వెళ్లండి. భూతద్దం లాంటి పరికరంతో గర్భాశయ ముఖాన్ని చూసి, అనుమానం ఉన్నచోట చిటికెడు ముక్క తీస్తారు, అది నాలాంటి వాడి దగ్గరికొస్తుంది. క్యాన్సర్ కాకముందు మార్పులే ఉంటే అక్కడికక్కడ తీసేయొచ్చు. ఈ పరీక్షకు ఎంత బలముందో చెప్పడానికి మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లా చాలు. లక్షా ముప్పై వేల మంది పల్లెటూరి స్త్రీలను గుంపులుగా విడదీసి చూస్తే, జీవితంలో ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి అవసరమైన వాళ్లకు వైద్యం ఇచ్చిన గుంపులో ఆ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయి. 2009లో వచ్చిన ఫలితం అది. పాజిటివ్ అని తెలియడం మీకు జరిగిన మంచి. రొమ్ము గురించి దిగులుపడుతూ కాల్పోస్కోపీ వాయిదా వేస్తేనే నష్టం. మీ ప్రశ్నలో రొమ్ము గురించి ఇరవై వాక్యాలున్నాయి, కాల్పోస్కోపీ అన్న మాట లేదు.

పాపకు టీకా వేయించండి, రొమ్ము కోసం కాదు, గర్భాశయ ముఖం కోసం. 2022 అంచనాల్లో మన దేశంలో కొత్తగా 1.27 లక్షల మందికి ఆ క్యాన్సర్ వచ్చింది, 80 వేల మంది దాకా పోయారు. ప్రపంచం మొత్తం మీద ఆ క్యాన్సర్లలో సుమారు 70 శాతం 16, 18 రకాల పనే. ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్లకు టీకా వేసిన పిల్లలు పెద్దయ్యాక ఆ క్యాన్సర్ 87 శాతం తగ్గింది. సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సెర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది, 16, 18తో పాటు పులిపిర్లు తెచ్చే 6, 11కీ పనిచేస్తుంది. 15 ఏళ్లలోపైతే ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ఒక్క డోసు ఇచ్చినా సరిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 చివర్లో చెప్పింది. మీకు మాత్రం టీకా ఉన్న వైరస్‌ను తీసేయదు.

ఖమ్మం సంగతి మీ అత్తగారు గుర్తుచేస్తున్నారని రాశారు. ఆమె భయానికి కారణం ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు ప్రయోగాత్మకంగా ఈ టీకా వేశారు. అందులో హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు చాలామంది. అక్కడ ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు పిల్లలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో ఆ చావులకు పురుగుమందు, పాముకాటు, నీళ్లలో మునగడం, జ్వరాలు లాంటి కారణాలు తేలాయి, టీకాతో సంబంధం కనబడలేదు. కానీ తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టిన మాట నిజం. 2013లో పార్లమెంటు సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా తప్పు కాదు, అడగకుండా వేయడం తప్పు. మీ పాపకు మీరే చెప్పి, మీరే సంతకం పెట్టి వేయిస్తారు కదా.

రొమ్ము విషయంలో మీకున్న నిజమైన ముప్పు వైరస్ కాదు, అమ్మగారి చరిత్ర. తల్లికో అక్కచెల్లెళ్లకో వస్తే ముప్పు సుమారు రెట్టింపు. తల్లికి వచ్చిన వయసుకు పదేళ్ల ముందు నుంచి మామోగ్రామ్ మొదలెట్టమంటాం, అంటే మీకు 37లోనే. ఆలస్యమైంది గానీ మించిపోలేదు, ఈ నెలలో చేయించుకోండి. రొమ్ము సాంద్రంగా ఉంటే అల్ట్రాసౌండ్ కూడా చేస్తారు. రొమ్ము క్యాన్సర్లలో వారసత్వంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. అయినా అమ్మగారికి 50 లోపు వచ్చింది కాబట్టి ఒక్కసారి జన్యు సలహా తీసుకోవడం మంచిది. పరీక్ష వీలైతే ముందు అమ్మగారికే చేయిస్తారు. ఆమెలో బీఆర్‌సీఏ మార్పు, అంటే రొమ్ము క్యాన్సర్ ముప్పును వారసత్వంగా తెచ్చే జన్యువుల్లో మార్పు, దొరికితే మీకు అదొక్కటే వెతికితే చాలు, దొరక్కపోతే మీకు చేసే ఖర్చు తగ్గుతుంది. వెళ్లేటప్పుడు అమ్మగారి ఆపరేషన్ నాటి పాథాలజీ రిపోర్టు, గడ్డ ఏ రకమో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షల ఫలితాలున్న కాగితం తీసుకెళ్లండి. ఇంట్లో దొరక్కపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ల్యాబులో అడగండి. మైనం బ్లాకులు సాధారణంగా ఏళ్ల తరబడి దాచి ఉంచుతారు, నెంబరు చెబితే వెతికిస్తారు.